గంటలో ఏం తేలాలి? కోచింగ్ సెషన్ మొదటి పది నిమిషాల సంగతి

ఇంటికొచ్చిన చుట్టం రెండు గంటలు కూర్చుంటాడు. కాఫీ అవుతుంది. ఊళ్లో వానల సంగతి, పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు అన్నీ అవుతాయి. "ఇక వస్తానండీ" అని లేచి, గుమ్మం బయట చెప్పుల్లో కాళ్లు పెడుతూ అప్పుడంటాడు: "అన్నట్టు... ఆ స్థలం కాగితాల గురించి మీ తమ్ముడితో ఒక మాట చెబుతారేమోనని..." ఆయన వచ్చిందే దానికి. రెండు గంటలూ ఆ మాట నాలుక మీదే ఉంది, బయటికి రావడానికి చెప్పుల దాకా ఆగింది.

కోచింగ్ సెషన్లలో ఇది తరచూ జరుగుతుంది. గంటసేపు డెడ్‌లైన్ల గురించి, ప్రెజెంటేషన్ల గురించి మాట్లాడిన క్లయింట్, యాభై అయిదో నిమిషంలో వీడియో కాల్ ముగించబోతూ "అన్నట్టు, అసలు ఈ ఉద్యోగంలో ఉండాలా వద్దా అని కూడా ఆలోచిస్తున్నానండీ" అంటాడు. డాక్టర్లకూ కౌన్సెలర్లకూ ఇది బాగా తెలిసిన సంగతే. ఇంగ్లీషులో దీనికి తలుపు పిడి మీద పేరు పెట్టుకున్నారు, పిడి మీద చెయ్యి వేశాక గానీ అసలు మాట రాదని. ఇందులో క్లయింట్ తప్పేమీ లేదు. ఎదుటి మనిషిని కాస్త చూసుకుని, మాట ఎక్కడ పెట్టవచ్చో తెలుసుకుని పెట్టడం ఎవరైనా చేసేదే. కానీ అప్పటికి గంట అయిపోయి ఉంటుంది. ఆ 'అన్నట్టు'ను ముందుకు తీసుకురావడం కుదురుతుందా అన్నదే ఇక్కడ ప్రశ్న. ప్రతిసారీ కుదరదు. మొదటి పది నిమిషాలు ఎలా గడిచాయన్న దాన్నిబట్టి చాలాసార్లు కుదురుతుంది.

ముందు ఏ కోచింగో తేల్చుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో ఆ మాట వింటే గుర్తొచ్చేవి అమీర్‌పేట బోర్డులు, ఎంసెట్, గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు. అది తప్పు వాడుకేమీ కాదు. ఇంగ్లీషులో గుర్రబ్బండిని కూడా కోచ్ అంటారు, ఆ పేరు హంగరీలోని కోచ్ అనే ఊరి నుంచి వచ్చింది. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్ యూనివర్సిటీ కుర్రాళ్లు తమను పరీక్ష గట్టెక్కించే ట్యూటర్‌ని ఆ పేరుతో పిలవడం మొదలుపెట్టారు. ఆ లెక్కన అమీర్‌పేటదే పాత అర్థం. ఇక్కడ మాట్లాడుకునేది ఆ తర్వాత వచ్చింది. టిమతీ గాల్వే 1974లో టెన్నిస్ ఆటగాడి మనసులో జరిగే ఆట గురించి రాశాడు. ఆ ఆలోచనను జాన్ విట్‌మోర్ లాంటివాళ్లు ఆఫీసుల్లోకి తెచ్చారు. 1995లో అమెరికాలో ఈ కోచ్‌ల సంఘం ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్, అంటే ఐసీఎఫ్, మొదలైంది. ఈ కోచింగ్‌లో కోచ్ పాఠం చెప్పడు. క్లయింట్ తన విషయం తాను ఆలోచించుకునేలా పక్కన కూర్చుని అడుగుతాడు, వింటాడు.

రెండింటికీ అసలు తేడా సిలబస్ దగ్గర ఉంది. గ్రూప్స్ కోచింగ్‌లో ఈ రోజు ఏం చెప్పాలన్నది ఎప్పుడో ముద్రించి ఉంటుంది. అందుకే ఆ క్లాసులో "ఈ రోజు దేని మీద కూర్చుందాం?" అని ఎవరూ అడగరు. ఈ రెండో రకంలో సిలబస్ అనేదే లేదు. అది ప్రతి సెషన్‌లోనూ అప్పటికప్పుడు పుట్టాలి, అదీ క్లయింట్ నోటి నుంచి. ఐసీఎఫ్ చెప్పే ఎనిమిది నైపుణ్యాల్లో మూడోది ఇదే: క్లయింట్‌తో ఒప్పందానికి రావడం, దాన్ని నిలబెట్టుకోవడం. ఒప్పందం అనగానే ఫీజు కాగితం గుర్తొస్తుంది. అది కూడా ఉంటుంది. కానీ ఆ మాటలో ప్రతి సెషన్ మొదట్లో కుదుర్చుకునే చిన్న ఒప్పందం కూడా ఉంది: ఈ గంట దేనికి అన్నది.

క్లయింట్ మొదట చెప్పేది టాపిక్. టైమ్ మేనేజ్‌మెంట్, కాన్ఫిడెన్స్, కమ్యూనికేషన్, వర్క్-లైఫ్ బ్యాలెన్స్. ఇవి ఊళ్ల పేర్ల లాంటివి. ఊరి పేరు ఒక్కటే చెబితే ఆటో ఎక్కించుకుంటాడు గానీ ఇంటి ముందు దింపలేడు. కొత్త కోచ్‌లు చేసే పొరపాటు ఇక్కడే. "కాన్ఫిడెన్స్ పెంచుకోవాలండీ" అని వినగానే బండి స్టార్ట్ చేసేస్తారు. నలభై నిమిషాలు ఆ ఊళ్లోనే తిరిగి, చివరికి "రోజూ అద్దం ముందు ప్రాక్టీస్ చెయ్యండి" దగ్గర ఆగుతారు.

ఒక ఊహించిన సెషన్‌ని దగ్గర నుంచి చూద్దాం. క్లయింట్ మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ టీమ్‌కి లీడ్. మూడో సెషన్.

"ఈ రోజు దేని గురించి మాట్లాడుకుందాం?"

"టైమ్ మేనేజ్‌మెంట్ అండీ. అస్సలు కుదరట్లేదు."

"ఈ మధ్య బాగా కుదరనిది ఎప్పుడు?"

"రోజూ అంతే. నిన్న బాబు పడుకున్నాక పదకొండింటికి లాప్‌టాప్ తెరిచా. పడుకునేసరికి ఒంటిగంటన్నర."

"ఏం పని అది?"

"కోడ్ రివ్యూ... అంటే, రివ్యూ కాదులెండి. నేనే మళ్లీ రాశా."

"ఎవరి కోడ్?"

ఆమె కాసేపు ఆగింది. "మా టీమ్‌లో ఒకాయన. నాకన్నా నాలుగేళ్లు సీనియర్. నేను చేరినప్పుడు పని నేర్పింది ఆయనే. ఇప్పుడు నేను లీడ్‌ని అయ్యా."

"ఆయన్ని ఏమని పిలుస్తారు?"

"అన్నా అంటాను." నవ్వింది. "ఇప్పుడూ అదే. అన్నకి 'ఇది బాలేదు, మళ్లీ చెయ్యండి' అని ఎలా చెప్తాం?"

ఈ క్షణంలో కోచ్‌కి నోరూరుతుంది. సమస్య దొరికింది! డెలిగేషన్, కష్టమైన సంభాషణలు, హద్దులు పెట్టడం, వీటన్నిటి మీద నేర్చుకున్నవి గొంతు దాకా వస్తాయి. మంచి కోచ్ ఇక్కడ ఆగుతాడు. దొరికింది తనకి. క్లయింట్ ఇంకా ఏదీ ఎంచుకోలేదు.

"టైమ్ దగ్గర మొదలుపెట్టాం. ఇప్పుడు ఆయన సంగతి వచ్చింది. ఈ గంట దేనికి పెట్టుకుందాం?"

"ఆయన సంగతికే. టైమ్ కూడా అందులోనే పోతోంది."

"సరే. మనం లేచేసరికి ఏం తేలితే, ఈ గంట పనికొచ్చిందనిపిస్తుంది మీకు?"

"గురువారం మా ఇద్దరికీ వన్-ఆన్-వన్ ఉంది. మొదటి మూడు వాక్యాలు నా దగ్గర ఉండాలి. ఆయన చిన్నబుచ్చుకోకుండా."

"ఆయన చిన్నబుచ్చుకోకపోవడం మీ చేతుల్లో ఉందా?"

"లేదు." మళ్లీ ఆగింది. "నేను తడబడకుండా. అది నా చేతుల్లో ఉంది."

"ఇన్నాళ్లూ నెట్టుకొచ్చారు కదా. ఇప్పుడే ఇది తేలాలని ఎందుకనిపిస్తోంది?"

"మార్చిలో రేటింగులు ఇవ్వాలండీ. అప్పటిదాకా ఒక్క మాటా చెప్పకుండా, ఆ రోజు తక్కువ నంబర్ ఆయన చేతిలో పెడితే... నాకు పని నేర్పిన మనిషికి ద్రోహం చేసినట్టే కదా."

ఇక్కడికి దాదాపు తొమ్మిది నిమిషాలు. సెషన్ ఇంకా మొదలే కాలేదని బయటివాళ్లకి అనిపించవచ్చు. నిజానికి సగం పని అయిపోయింది. లోపలికి వచ్చినప్పుడు ఆమె లెక్క ఒకటి: చెబితే అన్నని అవమానించినట్టు. చివరి జవాబుకి వచ్చేసరికి ఆ లెక్క తిరగబడింది: చెప్పకపోతేనే అవమానించినట్టు. ఈ మలుపు కోచ్ చెప్పింది కాదు. చెప్పి ఉంటే ఆమె తలూపేది, గురువారం మళ్లీ పాత పద్ధతిలోనే లాప్‌టాప్ తెరిచేది.

ఐసీఎఫ్‌లో పీసీసీ, అంటే ప్రొఫెషనల్ సర్టిఫైడ్ కోచ్, స్థాయి సర్టిఫికేషన్‌కి 500 గంటల కోచింగ్ అనుభవం కావాలి. ఆ స్థాయి సెషన్ రికార్డింగుల్ని వినే అసెసర్లు ఈ ఒప్పందం దగ్గర నాలుగు గుర్తుల కోసం చూస్తారు. ఈ సెషన్‌లో క్లయింట్ ఏం సాధించాలనుకుంటున్నాడో తేల్చారా? అది జరిగిందని తెలిసేది ఎలాగో మాట్లాడుకున్నారా? అందులో క్లయింట్‌కి ముఖ్యమైనది, అర్థవంతమైనది ఏమిటని అడిగారా? అక్కడికి చేరడానికి ఏయే విషయాలు చూడాలో క్లయింట్ మాటల్లోనే వచ్చిందా? పై సంభాషణలో మొదటి మూడూ కనిపిస్తాయి. నాలుగోది ఆ తర్వాతి నిమిషాల్లో వస్తుంది: ఆయనతో పాత చనువు, తన కొత్త కుర్చీ, చూపించాల్సిన కోడ్ ఉదాహరణ, వీటిలో ఏది ముందు అని.

మొదటి రెండు గుర్తులూ అందరూ అడిగేస్తారు. కోచ్‌లు మొదట నేర్చుకునే గ్రో మోడల్‌లో (గోల్, రియాలిటీ, ఆప్షన్స్, విల్) మొదటి అక్షరం గోల్ కాబట్టి అలవాటుగా వచ్చేస్తాయి. తేలిగ్గా జారిపోయేది మూడోది. దాన్ని వదిలేస్తే సెషన్ చక్కగానే నడుస్తుంది. మూడు వాక్యాలూ తయారవుతాయి, నోట్‌బుక్‌లోకి ఎక్కుతాయి. కానీ ఆ వాక్యాలు గురువారం నోటి దాకా రావాలంటే వెనకాల బలం ఉండాలి. 'నాకు పని నేర్పిన మనిషి' అన్న మాటే ఆ బలం. లక్ష్యం ఎటు వెళ్లాలో చెబుతుంది. కదలాలనిపించేది మాత్రం ఈ మూడో ప్రశ్నకి వచ్చే జవాబులో దొరుకుతుంది. నాలుగు గుర్తులకీ సమానంగా సమయం పంచాలనేమీ లేదు. తొందరగా వెళ్లాల్సి వస్తే మిగతా మూడింటి దగ్గర తొందరపడవచ్చు, దీని దగ్గర వద్దు.

ఈ ప్రశ్నలు తెలుగులో అడగడం దగ్గర వేరే చిక్కు ఉంది. హైదరాబాద్‌లో కోచింగ్ ట్రైనింగ్ చాలావరకు ఇంగ్లీషులోనే జరుగుతుంది. సెషన్ మాత్రం సగం తెలుగులోకి జారుతుంది, ముఖ్యంగా మనసుకి దగ్గరి మాట వచ్చినప్పుడు. అప్పుడు కోచ్ తన ఇంగ్లీషు ప్రశ్నని అలాగే తిప్పి "ఈ సెషన్ నుంచి మీకు ఏం కావాలి?" అంటాడు. అది కిరాణా కొట్టు కౌంటర్ దగ్గర మాటలా ఉంటుంది. క్లయింట్ కూడా సరుకు పేరే చెబుతాడు: "కాన్ఫిడెన్స్ కావాలండీ." అదే "ఏం తేలాలి?" అని అడిగితే జవాబు వేరేగా వస్తుంది. తేలడం అంటే అడుగున ఉన్నది పైకి రావడం, లెక్క తెగడం, భారం దిగడం. మూడు అర్థాలూ సెషన్‌కి పనికొచ్చేవే.

'ఎందుకు' కూడా జాగ్రత్తగా వాడాల్సిన మాట. తెలుగింట్లో పెరిగిన ఎవరికైనా "ఎందుకు చేశావ్?" అనేది ప్రశ్నలా వినపడదు, సంజాయిషీ అడిగినట్టు వినపడుతుంది. పై సంభాషణలో కోచ్ "ఇన్నాళ్లూ నెట్టుకొచ్చారు కదా" అన్న మాట ముందు పెట్టి అడగడానికి కారణం అదే. ముందు ఆమె ఓపికని గుర్తించాడు, ఆ తర్వాతే కారణం అడిగాడు.

ఇక 'కుదరట్లేదు'. తెలుగులో ఇంత సౌకర్యమైన మాట ఇంకోటి లేదు. కుదరట్లేదు, అవ్వట్లేదు, కోపం వస్తోంది, టెన్షన్ వచ్చేస్తోంది, లేటైపోతోంది. ఈ వాక్యాల్లో చేసేవాడు ఎవరూ ఉండడు. పనులు వాటంతట అవే అవుతుంటాయి, కోపం ఎక్కడి నుంచో వస్తుంది. మర్యాదకి, లౌక్యానికి ఇది బ్రహ్మాండమైన వ్యాకరణం. పెళ్లికి రానివాడు కూడా "రావడం కుదరలేదండీ" అని బయటపడతాడు. కానీ కోచింగ్‌లో క్లయింట్ తన చేతిలో ఉన్నదాన్ని తానే చూడకుండా ఇది కప్పేస్తుంది. దాన్ని సరిదిద్దాల్సిన పనిలేదు, "'కుదరట్లేదు' అనకండి" అని క్లాసు పీకడం అసలే వద్దు. "బాగా కుదరనిది ఎప్పుడు?" అని ఒక్క రాత్రి దగ్గరికి తీసుకెళ్తే చాలు. ఆ రాత్రిలో చేసే మనిషి కనిపిస్తాడు: "నేనే మళ్లీ రాశా."

"మీరే చెప్పండి సార్" అనే క్లయింట్ల సంగతి వేరు. గురువు చెబుతాడు, శిష్యుడు వింటాడు అని అలవాటైన చోట, డబ్బు తీసుకుని ఎదురు ప్రశ్నలు వేసేవాణ్ణి చూస్తే అనుమానం రావడం సహజం. అలాంటప్పుడు "మీ జవాబు మీ దగ్గరే ఉంది" లాంటి మాటలు అనకపోవడం మంచిది. అవి చిరాకు తెప్పిస్తాయి. కోచ్ ఏం చేస్తాడో, ఏం చేయడో సూటిగా చెప్పేసి, ఎంచుకోవడానికి మెట్టు చిన్నది చేయాలి. స్టీవ్ డిషేజర్, ఇన్సూ కిమ్ బర్గ్ మిల్‌వాకీలో రూపొందించిన పరిష్కార కేంద్రిత పద్ధతి ఇక్కడ అక్కరకొస్తుంది. సున్నా నుంచి పది దాకా కొలబద్ద మీద ఇప్పుడు ఎక్కడున్నారు, ఒక్క మెట్టు ఎక్కితే రేపు పొద్దున ఏం తేడా కనిపిస్తుంది అని అడగడం. పదికి పది గురించి మాట్లాడలేనివాడు కూడా నాలుగు నుంచి అయిదుకి ఎక్కడం గురించి మాట్లాడగలడు.

ఇప్పటిదాకా చెప్పింది విని, ప్రతి టాపిక్ కిందా ఏదో లోతైన బాధ దాగి ఉంటుందని అనుకుంటే అదింకో పొరపాటు. నాలుగైదేళ్లు పని చేసిన కోచ్‌ల్లో ఈ జబ్బు కనిపిస్తుంది. క్లయింట్ వచ్చే సోమవారం ఇంటర్వ్యూలో తన గురించి రెండు నిమిషాలు ఎలా మాట్లాడాలో చూసుకోవాలని వస్తాడు. కోచ్ "అసలు ఈ భయం ఎక్కడి నుంచి వచ్చింది?" అని చిన్నప్పటి స్కూలు దాకా తవ్వుతాడు. గంట అయ్యేసరికి క్లయింట్ కళ్లు తడుస్తాయి, ఇంటర్వ్యూ మాత్రం అలాగే ఉంటుంది. అది కోచ్ ఫోకస్, క్లయింట్‌ది కాదు. మారడానికి కారణాలు మనిషి నోటితోనే చెప్పించే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పద్ధతిని రూపొందించిన విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్నిక్ తమ నాలుగు దశల్లో రెండోదానికి ఫోకసింగ్ అనే పేరు పెట్టారు. మొదటిది మనిషితో కలవడం. అది సరిగ్గా జరగకుండా రెండోది నిలవదు. అవతలివాణ్ణి వెంటనే చక్కదిద్దేయాలనే సహాయకుల తొందరకి కూడా వాళ్లు ఓ పేరు పెట్టి, దాన్ని అదుపులో ఉంచుకోమన్నారు. లోతుగా తవ్వేయాలనే ఆత్రం కూడా ఆ తొందరకి చుట్టమే. సోమవారం ఇంటర్వ్యూ ఉన్నవాడికి ఇంటర్వ్యూ మాటలే అర్థవంతమైన ఫోకస్. లోతు ఎంతన్నది క్లయింట్ చెప్పాలి.

కుదిరిన ఫోకస్ గంటంతా అలాగే ఉండాలనీ లేదు. ఇరవయ్యో నిమిషంలో ఆ టీమ్ లీడ్ "నిజం చెప్పాలంటే నాకు ఈ లీడ్ పనే నచ్చట్లేదేమో" అనవచ్చు. గుమ్మం దగ్గర రావాల్సిన 'అన్నట్టు' ముందే వచ్చిందన్నమాట. అప్పుడు గురువారం వాక్యాలకే అంటిపెట్టుకుంటే మొండితనం, చెప్పకుండా కొత్త దారి పట్టిస్తే పెత్తనం. "గురువారం మాటల కోసం కూర్చున్నాం. ఇప్పుడు ఇంకో పెద్ద విషయం వచ్చింది. దేంతో వెళ్దాం?" అని పైకి అడగాలి. పది సెకన్లు కూడా పట్టదు. ఒప్పందాన్ని నిలబెట్టుకోవడం అంటే ఇదే.

డబ్బు కంపెనీ కడుతున్నప్పుడు గదిలో కనిపించని మూడో మనిషి ఉంటాడు. హెచ్‌ఆర్ నుంచి "కమ్యూనికేషన్ మెరుగుపరచాలి" అని ఒక లైన్ వస్తుంది. దాని వెనక మేనేజర్ ఫిర్యాదు ఉంటుంది, ఆ ఫిర్యాదు క్లయింట్‌కి చెప్పి ఉండరు. ఫనీటా ఇంగ్లిష్ అనే సైకోథెరపిస్ట్ 1975లోనే ఇలాంటి పరిస్థితికి మూడు మూలల ఒప్పందం అనే ఆలోచన తెచ్చింది: డబ్బు పెట్టేవాళ్లు, క్లయింట్, మధ్యలో పని చేసేవాళ్లు, ముగ్గురికీ ఒకే సంగతి తెలిసి ఉండాలని. అలా కాకపోతే హెచ్‌ఆర్ లైన్ ఒకవైపు, క్లయింట్ కోరిక ఒకవైపు లాగుతాయి, మధ్యలో ఫోకస్ పేరుకే ఉంటుంది. మేనేజర్‌ని మొదటి సెషన్‌లోనే ముగ్గురూ ఉన్న కాల్‌కి పిలిచి, ఏం మారితే సంతోషిస్తారో క్లయింట్ ఎదుటే చెప్పించడం మంచి పద్ధతి. కొందరు మేనేజర్లు ఆ కాల్‌కి ఒప్పుకోరు. ఆ ఒప్పుకోకపోవడం కూడా కోచ్‌కి ఒక సమాచారమే.

కొన్నిసార్లు వచ్చిన విషయం కోచింగ్‌ది కాదని మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. వారాల తరబడి నిద్ర లేదు, ఏదీ చేయాలనిపించట్లేదు, బతికి ఏం లాభం అనిపిస్తోంది అని క్లయింట్ అంటే, దానికి గోల్ పెట్టి కొలబద్ద తీయకూడదు. సైకాలజిస్ట్ దగ్గరికో సైకియాట్రిస్ట్ దగ్గరికో దారి చూపాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 చేతిలో ఉంచుకోవడం ప్రతి కోచ్‌కీ అవసరం. ఆ సెషన్‌లో ఫోకస్ ఒక్కటే: ఈ మనిషి ఈ రోజు ఎవరితో మాట్లాడబోతున్నాడు అన్నది.

గంట చివర్లో మళ్లీ మొదటి ప్రశ్న దగ్గరికి రావాలి. చాలామంది "ఈ రోజు ఏం నేర్చుకున్నారు?" అని అడుగుతారు. అది స్కూలు ప్రశ్న, దానికి స్కూలు జవాబే వస్తుంది. మాదాపూర్ టీమ్ లీడ్‌ని కోచ్ అలా అడగలేదు.

"తడబడకుండా మూడు వాక్యాలు అనుకున్నాం. ఎంతవరకు వచ్చింది?"

ఆమె నోట్‌బుక్ చూసుకుంది. "రెండొచ్చాయి. 'అన్నా, మీ దగ్గరే పని నేర్చుకున్నాను కాబట్టి మీకు దాచి చెప్పలేను. రెండు నెలలుగా మీ కోడ్ నేను రాత్రిళ్లు మళ్లీ రాస్తున్నాను.' ఇక్కడి దాకా బాగుంది. తర్వాతది రాలేదండీ."

"మూడోది?"

"అది ఆయన ఏమంటాడో విన్నాక వస్తుందేమో."